బేస్ నాదే

మార్చి 14, 1966, సోమవారం

ప్రాక్టర్ ఫోన్ చేశాడు. నా పేరు మీద మొదటి రికార్డు ఖాయమైంది. మే మూడో తేదీ మంగళవారం, పొద్దున పదింటికి, నది అవతలి స్టూడియోలో. అట్ట మీద 'ఆర్డెల్ పింక్నీ' అని పెద్దక్షరాలు, కింద నా ఫోటో. పదకొండేళ్ళుగా సాక్సఫోన్ మగాళ్ళ వెనకాల కూర్చుని వాళ్ళ పాటలు మోశాను. అట్ట వెనక చీమ తలకాయంత అక్షరాల్లో 'ఆర్గన్: ఎ. పింక్నీ' అని వేసేవాళ్ళు. ఆ 'ఎ' ఆడో మగో కూడా కొన్నవాళ్ళకి తెలీదు. ఇక తెలుస్తుంది. ఉత్తర ఫిలడెల్ఫియాలో నాకంటే బాగా ఆర్గన్ వాయించే మనిషి ఎవరైనా ఉంటే నాకింకా పరిచయం కాలేదు.

ఫోన్ పెట్టేసే ముందు ప్రాక్టర్ నసిగాడు. రికార్డు కంపెనీ మనిషి కదా, ఏది కొత్తగా వస్తే అది కావాలి. ఇప్పుడందరూ కరెంటు బేస్ గిటార్ పెట్టుకుంటున్నారట, ఒక బేస్ మనిషిని కూడా పిలవనా అన్నాడు. నాకు నవ్వొచ్చింది. కుడిచేత్తో పాట, ఎడమచేత్తో దాని కింద స్వరాల గుత్తులు, కుడికాలితో శబ్దం హెచ్చుతగ్గులు, ఎడమకాలితో అడుగున మోగే బేస్. నాలుగూ నేనే. నా బల్ల కింద పాతిక పెడళ్ళున్నాయి, అవి ఊరికే లేవు.

"మిస్టర్ ప్రాక్టర్, దేవుడు నాకు ఎడమకాలు ఎందుకిచ్చాడనుకున్నారు, నడవడానికా?" అన్నాను. నవ్వి ఫోన్ పెట్టేశాడు.

ఎర్నెస్టీన్ అక్కకి చెబితే, ఆసుపత్రిలో నర్సు కదా, షుగర్ పరీక్ష చేయించుకున్నావా అని మొదలెట్టింది. శుభం పలకరా మంకెన్నా అన్నట్టుంటుంది దానితో.

మార్చి 15

ఎడమపాదం తిమ్మిరిగా ఉంది. బూటు బిగుతు.

మార్చి 19, శనివారం

మాటినీ. క్లబ్బులో మా శనివారం మధ్యాహ్నం కచేరీ. నాలుగింటికి మొదలుపెడతామంటే మూడుంపావుకే ఎడమవైపు కుర్చీలు నిండిపోయాయి. ఎడమవైపు కూర్చుంటే నా కాళ్ళు కనిపిస్తాయి. కర్టెన్ వెనకాల బేస్ వాయించేవాడెవడో దాక్కున్నాడని కొత్తగా వచ్చినవాళ్ళు, ఎవడూ లేడని పాతవాళ్ళు, ప్రతి శనివారం ఒక గ్లాసు పందెం. పాతవాళ్ళు ఎప్పుడూ తాగడానికి కొనుక్కోరు. బ్యూటీ పార్లర్ ఆడవాళ్ళు తలకి రుమాళ్ళు కట్టుకుని మరీ వచ్చారు, ఫ్యాక్టరీ షిఫ్టు దిగిన మగాళ్ళు భోజనం డబ్బాలు చంకన పెట్టుకుని వచ్చారు.

రోస్కో డ్రమ్ములు బాగా వాయించాడు. నా మాజీ మొగుడి తమ్ముడు. వాళ్ళ అన్నతో తెగతెంపులై తొమ్మిదేళ్ళయినా నన్ను వదినా అనే పిలుస్తాడు. ఆ ఇంట్లో మాట తప్పనివాడు, తాళం తప్పనివాడు వీడొక్కడే.

లెమ్యూల్‌తోనే తంటా. పొద్దున ఉత్తరాలు పంచుతాడు, మధ్యాహ్నం గిటార్ పట్టుకుంటాడు, మనిషి నెమ్మది. తన వంతు వచ్చినప్పుడు ఎంత కావాలంటే అంత వాయించుకోవచ్చు. మిగతా అప్పుడు చేతులు ముడుచుకోవాలి. నా ఎడమచెయ్యి గుత్తులు వేస్తుంటే తనూ వేశాడంటే అంతా బురదే. ఆరేళ్ళ కిందట మొదటిరోజే చెప్పాను. ఇవాళ నెమ్మది పాటలో రెండు గుత్తులు జారవిడిచాడు. తలతిప్పి చూశాను. ఆపేశాడు. నేను చూస్తే చాలు.

రెండో సగంలో పాదం ఒకసారి పక్క పెడల్ మీద పడింది. ఎవరికీ తెలీలేదు. రోస్కో మాత్రం తలెత్తి చూశాడు.

మార్చి 22

పాదాన్ని చన్నీళ్ళలో పెట్టాను. తర్వాత వేణ్ణీళ్ళలో పెట్టాను. రెండూ ఒకేలా ఉన్నాయి. నీళ్ళ హీటర్ పాడైనట్టుంది.

మార్చి 23

హీటర్ మెకానిక్ వచ్చాడు. వేలు పెట్టి చూసి, కాల్చుకుని, హీటరు బ్రహ్మాండంగా ఉంది అన్నాడు. వాడికి పని రాదు.

మార్చి 28, సోమవారం

చిన్న అద్దం కొని ఆర్గన్ పక్కన బిగించాను. చర్చిలో వాయించే రోజుల్లో కూడా ఉండేది. పాస్టర్ గారు నా వెనకవైపు నిలబడి ప్రసంగించేవారు. ఆయన గొంతు పెంచబోయే ముందు భుజాలు లేస్తాయి, అది అద్దంలో చూసి ఆయన కంటే అర క్షణం ముందే అందుకునేదాన్ని. ఆయన మీదికి దేవుడు దిగాడని జనం అనుకునేవాళ్ళు. సగం దేవుడు, సగం నేను.

ఇప్పుడు అద్దం రోస్కోని చూడ్డానికి. డ్రమ్ములు వెనకున్నాయి కదా.

ఏప్రిల్ 2, శనివారం

మాటినీ బ్రహ్మాండం. నిలబడ్డానికి చోటు లేదు.

విరామంలో బాత్రూమ్ నుంచి వచ్చేసరికి రోస్కో నా బల్ల మీద కూర్చుని ఉన్నాడు. లేవమన్నాను. లేచాడు గానీ పక్కకి పోలేదు.

"వదినా, ఇక్కడ కూర్చుంటే ఈ అద్దంలో నా డ్రమ్ములు కనబడవే. పెడళ్ళు కనబడుతున్నాయి" అన్నాడు.

అద్దం జారిపోయింది అన్నాను. పద్నాలుగేళ్ళుగా నువ్వు కాళ్ళ వంక చూసి వాయించడం నేను చూళ్ళేదు అన్నాడు. కాళ్ళు చూసుకుంటూ వాయించేది నేర్చుకునేవాళ్ళని నేనే అందరికీ చెబుతుంటాను, వాడికీ చెప్పాను. నా మాట నాకే అప్పజెబుతున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. నీ డ్రమ్ముల సంగతి నువ్వు చూసుకో అన్నాను. సరే వదినా అని వెళ్ళిపోయాడు. వాడి 'సరే' నాకు నచ్చదు.

ఏప్రిల్ 10, ఈస్టర్

భోజనం అక్కయ్యింట్లో. పండగపూట నా ముందు నుంచి చిలగడదుంప కేకు ముక్క లాక్కుంది. పళ్ళెం నిండా ఆకుకూర పెట్టింది. అందరూ లేచాక కాళ్ళు చూపించమంది. పండగపూట కాళ్ళు చూపించడమేమిటి, సిగ్గు లేదూ అన్నాను. మన నాన్నకి కూడా సిగ్గెక్కువే అంది. నాన్న ఊసు ఇప్పుడెందుకు. ఆయన పోయింది కాలుతో కాదు, గుండెతో. కాలు ముందే పోయింది, అది వేరే సంగతి.

ఏప్రిల్ 16, శనివారం

ఇరవై మూడు రోజుల్లో... కాదు, పదిహేడు. లెక్క తప్పుతోంది. రికార్డుకి ఐదు పాటలు ఖాయం చేశాను. నెమ్మది పాట చివరిది. అందులో బేస్ వినబడాలి, జనం ఛాతీలో తగలాలి. అది వింటే ప్రాక్టర్ ఇక జన్మలో కరెంటు బేస్ ఊసెత్తడు.

ఏప్రిల్ 23, శనివారం

ఇంత బాగా ఎప్పుడూ వాయించలేదు. నిజంగా. రాసిపెట్టుకుంటున్నాను, ఎవడైనా కాదంటే చూపిస్తాను. క్లబ్బువాళ్ళు పొద్దున్నే వేదిక మీద కొత్త ఎర్ర తివాచీ పరిచారు, దాని మీద మహారాణిలా కూర్చున్నాను. చివరి పాటకి ఆడవాళ్ళు కుర్చీల మీద లేచి నిలబడ్డారు. బూట్లు కూడా విప్పకుండా పడుకుని నిద్రపోయాను.

ఏప్రిల్ 24, ఆదివారం

చర్చి అయ్యాక అక్క నాతోపాటే ఇంటికొచ్చింది. నేను కూర్చుని బూటు విప్పాను. అక్క మొహం మారిపోయింది. మేజోడు మడమ నుంచి వేళ్ళ దాకా నల్లగా గట్టిపడి ఉంది. బూటు తిరగేసింది. తివాచీకి కొట్టే మేకు, అడుగు నుంచి లోపలికి నిలువునా దిగి ఉంది.

"ఎప్పుడు దిగింది ఇది?" అంది.

"నిన్న అయుంటుంది."

"నిన్న దిగిన మేకు మీద ఇవాళ చర్చికి నడిచొచ్చావా? పాటకి నిలబడ్డావు కదే. అది ఉన్నట్టు నీకు తెలుసా ఆర్డీ?"

తెలుసు అన్నాను. తీయడానికి తీరిక లేకపోయింది అన్నాను. అక్క కింద కూర్చుని మేకు తీసి, కడిగి, కట్టు కట్టింది. కడుగుతున్నంతసేపూ తలెత్తలేదు. నాకు నొప్పి పుట్టినట్టు ఒకసారి 'అబ్బా' అన్నాను. అప్పుడు అక్క చెయ్యి వేరే చోటుంది.

ఏప్రిల్ 27, బుధవారం

అక్క డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. సూదితో పొడిచాడు, నన్ను కళ్ళు మూసుకోమని. ఎక్కడ పొడిచానో చెప్పమన్నాడు. మూడుసార్లు చెప్పాను. మూడూ తప్పట. ఊహించి చెప్పే ఆటలో నేనెప్పుడూ కొంచెం వెనకే.

రేపే ఆసుపత్రిలో చేరాలట. పుండు లోపలికి పాకుతోందట. ఇప్పుడైతే రెండు వేళ్ళతో పోతుందట, ఆలస్యమైతే ఎంతవరకు అన్నది చెప్పలేడట. మంగళవారం స్టూడియో ఉంది, బుధవారం వస్తాను అన్నాను. వారం రోజులు కూడా కాదు. ఎడమకాలి వేళ్ళు తీసేసుకుని స్టూడియోకెళ్ళి ఏం వాయించాలి, ఈల వేయాలా?

అక్క ఇంటి ముందు దిగాక, నీకు రికార్డు కావాలా కాలు కావాలా అంది. రెండూ అన్నాను.

ఏప్రిల్ 30, శనివారం

మాటినీ రద్దు చేశాను. జలుబు అని చెప్పించాను. రోస్కో నమ్మలేదు.

మే 3, మంగళవారం

రాయాలి. రాయకపోతే రేపటికి దీన్ని వేరేలా చెప్పుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

పాదానికి గట్టిగా కట్టు కట్టి, దాని మీద రోస్కో బూటు తొడుక్కున్నాను. నాది ఎక్కలేదు. జ్వరం ఉంది, ఎవరికీ చెప్పలేదు. నెమ్మది పాటతోనే మొదలెడదామన్నాను, ఒంట్లో సత్తువ ఉండగానే. అద్దం తీసుకెళ్ళాను. వాయించేటప్పుడు అంతా బాగానే ఉంది. చేతులు ఎప్పటిలాగే. కాలు ఎక్కడ పడాలో అక్కడ పడుతోంది, అద్దంలో చూస్తూనే ఉన్నాను. మూడుసార్లు వాయించాం. మూడోది అద్భుతం అనుకున్నాను. లేచి నిలబడి రోస్కో భుజం తట్టాను కూడా.

తర్వాత అద్దాల గదిలో కూర్చోబెట్టి టేపు వినిపించారు.

బేస్ వెనకబడింది. ఒక్కసారి కాదు, ప్రతి అడుగూ. చూసి తొక్కాలంటే ముందు చూడాలి, తర్వాత తొక్కాలి. ఆ చిన్న జాప్యం నాకు కాలిలో తెలీలేదు, టేపులో ప్రతిచోటా వినబడింది. పైన నా చేతులు హాయిగా నడుస్తున్నాయి, కింద ఎవరో ముసలివాళ్ళు మెట్లెక్కుతున్నారు. రోస్కో నేల చూపులు చూస్తున్నాడు. లెమ్యూల్ గిటార్ తుడుస్తున్నాడు. తుడవడానికేమీ లేదు.

ప్రాక్టర్ మర్యాదస్తుడు. పక్క గదిలో ఒక బేస్ కుర్రవాడున్నాడు, మీ పాట మీదే అతని బేస్ ఎక్కించేద్దాం, మీది తగ్గించేద్దాం అన్నాడు.

"అట్ట మీద అతని పేరు కూడా వెయ్యం. బేస్ మీదే అనుకుంటారు. ఎవరికీ తెలీదు" అన్నాడు.

ఒక్క నిమిషం ఆలోచించాను. అబద్ధమెందుకు, ఒప్పుకుందామనే అనుకున్నాను. పదకొండేళ్ళు ఎదురుచూసిన రోజు. కానీ పేరు వెయ్యకుండా వాయించడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ కుర్రవాడి పని దొంగిలించి నా పేరు కింద పెట్టుకుంటే ఆ సాక్సఫోన్ మగాళ్ళకీ నాకూ తేడా ఏముంది?

"ఆపేయండి. ఆ కాలు ఉద్యోగం మానేసింది. అది మానేసిన సంగతి నాకు మార్చి నుంచీ తెలుసు" అన్నాను.

ఈ రెండో మాట ఎందుకన్నానో తెలీదు. ఎప్పుడూ అనుకోలేదు, అనేశాక నిజమని తెలిసింది.

ప్రాక్టర్ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. కంపెనీకి వేరే ఆర్గన్ మనిషి సిద్ధంగా ఉన్నాడట, నా తేదీ ఖాళీగా ఉంచడం తన చేతిలో లేదట. మీరు కోలుకుని మళ్ళీ మాటినీలు మొదలుపెడితే ఒక శనివారం వచ్చి వింటాను, ఆ రోజు బేస్ ఉంటే తేదీ ఇస్తాను, లేకపోతే ఇవ్వలేను అన్నాడు. సూటిగా చెప్పాడు. అలా చెప్పేవాళ్ళంటే నాకు గౌరవమే.

రోస్కో నన్ను నడవనివ్వలేదు, ఎత్తుకుని బండిలో పడుకోబెట్టాడు. ఇంటికి కాదు వదినా, ఆసుపత్రికే అన్నాడు. సరే అన్నాను. ఇప్పుడు మంచం మీదనుంచి రాస్తున్నాను. నర్సు పెన్ను లాక్కుంటానంటోంది.

మే 6

వేళ్ళు ఐదూ. పాదంలో సగం.

మే 7

.

మే 9, సోమవారం

మేకు ఉన్నట్టు నాకు తెలీదు. అక్కకి తెలుసని చెప్పాను. తెలీదు. నీళ్ళ హీటరు కూడా బాగానే ఉంది.

మే 12

ఏడ్చాను. గంటసేపు. రాసి పెట్టుకోవడం ఎందుకంటే మళ్ళీ ఏడవక్కర్లేదని.

మే 16, సోమవారం

ఇంకో రకంగా వాయించేవాళ్ళున్నారు. ఎడమచేత్తోనే బేస్ నడిపేస్తారు, కాలు ఊరికే తగిలిస్తారు. చేతి బేస్ వాళ్ళని నేను వెక్కిరించినంతగా ఈ ఊళ్ళో ఎవరూ వెక్కిరించలేదు. కాళ్ళకి బద్ధకం అనేదాన్ని. ఇవాళ భోజనం పళ్ళెం మీద ఎడమచేత్తో బేస్ నడిపి చూశాను. చిటికెనవేలు నొప్పి పుట్టింది. నొప్పి తెలిసినందుకు సంతోషమేసింది.

మే 20

పళ్ళెం మీద రోజుకి ఆరు గంటలు. పక్క మంచం ఆవిడ, డెబ్భై ఏళ్ళు, ఏ పాట అది అని అడుగుతోంది. చెబితే పాడుతోంది. గొంతు బాగోలేదు గానీ తాళం గట్టిది.

మే 24

చెయ్యి తాళం తప్పట్లేదు. పట్టుబడుతోంది. నేననుకుంటే రానిదేముంది.

ఒక్కటే చిక్కు. ఎడమచెయ్యి బేస్‌కి పోతే గుత్తులెవరు వెయ్యాలి? పైన పాట, అడుగున బేస్, నడుమ ఏమీ లేదు. కుడిచేత్తోనే రెండూ వేసి చూశాను, పాట చచ్చిపోతోంది. ఇంకో చెయ్యి కావాలి.

మే 25

ఇంకో చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. రేపు ఆలోచిస్తాను.

మే 29, ఆదివారం

లెమ్యూల్ వచ్చాడు. ఇది ఐదోసారి. ప్రతిసారీ వచ్చి కూర్చుని వీధి కబుర్లు చెప్పి వెళ్తాడు. ఉత్తరాలు పంచేవాడు కదా, ఎవరింట్లో ఏం జరుగుతోందో వాడికి తెలుసు. ఇవాళ గిటార్ కూడా తెచ్చాడు. ఎందుకు తెచ్చావని అడిగితే, మరమ్మతుకిచ్చింది తీసుకుని దారిలో ఆగాను అన్నాడు. ఆదివారం మరమ్మతు కొట్లు ఎక్కడ తెరిచుంటాయో నేనడగలేదు.

అరగంట వాతావరణం గురించి మాట్లాడాను. నేను అడగడం చేతకాని మనిషిని. ఆజ్ఞలు వెయ్యమంటే వేస్తాను. చివరికి పళ్ళెం ముందుకు లాక్కుని, ఎడమచేత్తో బేస్ నడుపుతూ, ఇక మీదట ఈ చెయ్యి ఇక్కడే ఉంటుంది అన్నాను. గుత్తులు వేసేవాళ్ళు లేరు అన్నాను. వాడు గిటార్ ఒళ్ళో పెట్టుకుని వింటున్నాడు తప్ప తంత్రి ముట్టుకోలేదు. పిలవందే రాడు. ఆ అలవాటు నేను చేసిందే.

"నువ్వు వెయ్యాలి లెమ్యూల్. పాట మొదటి నుంచి చివరి దాకా. నీకు కుదిరితే" అన్నాను.

వాడు గిటార్ మెడ పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు:

"మిస్ ఆర్డెల్, ఆరేళ్ళు చేతులు ముడుచుకుని మీ ఎడమచేతినే వింటూ కూర్చున్నాను. అది ఎప్పుడేం వేస్తుందో మీకంటే నాకే ఎక్కువ తెలుసు."

వేశాడు. చాలావరకు నావే, కొన్ని నావి కావు. నావి కానివి కూడా బాగున్నాయి. రెండోసారి వెయ్యమన్నాను. పక్క మంచం ఆవిడ పాడింది. నర్సు వచ్చి తిడదామనుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

వాడు వెళ్ళేటప్పుడు, ఆరేళ్ళు తప్పు చేశాననుకుంటున్నావా అని అడిగాను. లేదండీ, అప్పుడు మీకు రెండు కాళ్ళున్నాయి అన్నాడు. మంచివాడు. నేను అంత మంచిదాన్ని కాదు, చేసింది తప్పే.

జూన్ 18, శనివారం

ఇంటికి. అక్క మకాం కూడా ఇక్కడే. వంటింట్లో చక్కెర డబ్బా కనబడ్డం లేదు.

జులై 11, సోమవారం

కర్రతో నడుస్తున్నాను. ముగ్గురం రోజూ రెండు గంటలు. బేస్ ఇంకా పాత బేస్ కాదు. కాలి బేస్ అడుగు నుంచి నెడుతుంది, చేతి బేస్ ముందు నుంచి లాగుతుంది. రోస్కో తన తాళం మార్చుకున్నాడు, నాకు చెప్పకుండానే. అడిగితే, నేనేం మార్చలేదు వదినా అంటాడు.

ఆగస్టు 20, శనివారం

మాటినీ. దాదాపు నాలుగు నెలల తర్వాత. కర్రతోనే వేదిక ఎక్కాను. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు, కర్టెన్ వెనకనుంచి కాకుండా జనం మధ్యలోనుంచే నడిచి వెళ్ళాను. నిలువునా చూడనీ. చప్పట్లు కొట్టడానికి భయపడ్డారు. కొట్టండి, పోయింది కాలు, నేను కాదు అన్నాను. అప్పుడు కొట్టారు.

మొదటి పాట సగంలో ఉండగా ముందు వరుస ఆవిడ బిగ్గరగానే అడిగింది, మరి బేస్ ఎక్కడినుంచొస్తోందమ్మా అని. ఎడమచెయ్యి ఎత్తి చూపించాను. ఎత్తినంతసేపూ బేస్ ఆగింది. దించగానే అందుకుంది. గది మొత్తం గొల్లున నవ్వింది.

లెమ్యూల్ కొన్నిచోట్ల వెనక్కి తగ్గుతున్నాడు. పాత భయం. కన్నెగరేస్తే వస్తున్నాడు.

ప్రాక్టర్ వెనక వరుసలో కూర్చుని చివరిదాకా విన్నాడు. కరెంటు బేస్ ఊసెత్తలేదు. సెప్టెంబరు పదమూడు అన్నాడు.

సెప్టెంబరు 13, మంగళవారం

అదే స్టూడియో. లోపలికి వెళ్ళగానే కాగితం మీద ఎవరేం వాయిస్తున్నారో రాయమన్నారు. ఆర్గన్, గిటార్, డ్రమ్స్, బేస్. నాలుగో గడిలో మళ్ళీ నా పేరే రాశాను. ఇంతకుముందెప్పుడూ ఆ గడి నింపలేదు. కాలు వాయించినన్నాళ్ళూ అక్కడెవరి పేరు రాయాలో తట్టలేదు.

నెమ్మది పాట చివరికి పెట్టుకున్నాం. మిగతా నాలుగూ సాఫీగా అయ్యాయి. నా వైపూ లెమ్యూల్ వైపూ మధ్య పెద్ద చెక్క అడ్డు నిలబెట్టారు, ఒకరి మోత ఇంకొకరి మైకులో పడకుండా. మేలో అలాంటిదేమీ లేదు. సరే, మంచిదే అనుకున్నాను.

పాట మధ్యలో నా కుడిచెయ్యి ఒకే స్వరం పట్టుకుని అలా నిలబడిపోయే చోటుంది. పాత రోజుల్లో అక్కడ నా ఎడమచేతిదే రాజ్యం, లెమ్యూల్‌కి ప్రవేశం లేదు. ఆ చోటు వచ్చింది. నేను పట్టుకున్నాను. పైన ఒక్క స్వరం, కింద బేస్. నడుమ ఏమీ రాలేదు. పాత అలవాటు కొద్దీ చేతులు ముడుచుకుని ఉంటాడు. తల తిప్పాను, చెక్క కనబడింది. కన్నెగరేసినా, ఉరిమి చూసినా చెక్కకే. ఒక చెయ్యి స్వరం మీద, ఒక చెయ్యి బేస్ మీద, కుడికాలు శబ్దం మీద. ఇంకో కాలు ఉంటే నేల మీద కొట్టేదాన్ని. నాకు మిగిలింది నోరొక్కటే.

"రా లెమ్యూల్. నువ్వు లేకపోతే కుదరదు."

వచ్చాడు. మామూలుగా కాదు. నేను మామూలుగా వేసే గుత్తి వదిలేసి దాని పక్కది వేశాడు, నా స్వరం ఉన్నచోటే ఉండి కొత్తగా అయిపోయింది. నా చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. రోస్కో వెనకనుంచి 'ఊఁ' అన్నాడు. చివరిదాకా ముగ్గురం ఎక్కడా తడబడలేదు.

అద్దాల గదిలో విన్నాం. బేస్ గట్టిగా, నిండుగా, తాళం మీద. నా చెవులే వెతికినా తప్పు దొరకలేదు. సగం దాకా వచ్చేసరికి నా గొంతు వినబడింది, ప్రతి మాటా. టేపు తిప్పే అతను ఆపేశాడు. మాటలు పడిపోయాయి, కోసెయ్యడం కుదరదు, ఇంకోసారి తీద్దాం అన్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం వదినా అన్నాడు రోస్కో.  లెమ్యూల్ నేను ఏమంటానో అని ఎదురుచూస్తున్నాడు.

మళ్ళీ తీస్తే అంతకంటే శుభ్రంగా వస్తుంది. నాకు తెలుసు. కన్నెగరేయడానికి ఆ చెక్క పక్కకి జరిపించుకోవచ్చు కూడా.

ఉంచెయ్యండి అన్నాను.

ప్రాక్టర్ నా పక్కకి వచ్చి కూర్చున్నాడు.

"మిస్ పింక్నీ, అట్ట మీద మీ పేరొక్కటే ఉంటుంది. లోపల మీరు ఇంకొకరిని బతిమాలుతున్నట్టు వినబడుతుంది. కొన్న ప్రతివాళ్ళూ వింటారు. పర్వాలేదా?"

"పర్వాలేదు. పిలిస్తే వచ్చాడు కదా, అదీ వింటారు" అన్నాను.

లెమ్యూల్ గిటార్ పెట్టెలో పెట్టడానికి అటు తిరిగాడు. మూత వెయ్యడానికి వాడికి చాలాసేపు పట్టింది.